తడి పంచెల మిల్లు

నాకు శాలువాలంటే అసహ్యం. కప్పేవాడికి ఎదుటిమనిషి ఏం చేశాడో తెలియదు. కప్పించుకునేవాడికి బాగా తెలుసు, అందుకే తల వంచుకుంటాడు. మనం దాన్ని వినయం అనుకుంటాం. ఈ మాట అనే అర్హత నాకుంది. అలాంటి శాలువా ఒకటి ఒక క్రషర్ యజమాని భుజాల మీద పడేలా చేసింది నేనే.

నందిగామ బస్టాండుకి దగ్గర్లో, జిరాక్స్ షాపు మీద నాకో గది ఉంది. అంతకుముందు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. కాలేజీ మూతపడ్డాక నాకు తెలిసిన కెమిస్ట్రీ, నాకు వచ్చిన ఇంగ్లీషు కలిపి ఒక వృత్తి చేసుకున్నాను. రైసు మిల్లులకీ, పత్తి జిన్నింగులకీ, రాళ్ళ క్రషర్లకీ పొగ, దుమ్ము, మురుగునీళ్ళ పర్మిషన్ల ఫైళ్ళు రాసిపెడతాను. బోర్డు మీద ‘పర్యావరణ సలహాదారు’ అని ఉంటుంది. నేనిచ్చే సలహాల్లో ముప్పాతిక వంతు ఎక్కడ సంతకం పెట్టాలి, ఎన్ని జిరాక్సులు జత చేయాలి అన్నవే. జిల్లా పేరు మారిన ఏడాది పాత ఫారాలన్నీ పనికిరాకుండా పోయాయి. అందరూ మళ్ళీ నింపాల్సి వచ్చింది. మా ఊళ్ళలో గాలి మాత్రం మారలేదు. ఆ ఏడాది నాకు పని బాగా దొరికింది.

ఆ రోజుల్లోనే పైనుంచి ఒక పథకం వచ్చింది. దుమ్ము ఇంతకు మించకూడదు, పొగ ఇంతకు మించకూడదు అని చట్టం ఒక గీత గీస్తుంది. గీత దాటినవాడికి నోటీసు ఇస్తారు. దాటనివాడికి ఏమీ ఇవ్వరు. ఈ పథకం ఇంకో రకం మనిషి కోసం. చట్టం అడిగినదానికన్నా ఎక్కువ చేసి, గీతకి ఎంతో కింద ఉండే వ్యాపారిని ప్రోత్సహించాలట. అలాంటివాడికి ఒక ఆకుపచ్చ సర్టిఫికెట్టు ఇస్తారు. పదేళ్ళ దాకా తనిఖీకి ఎవరూ రారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇళ్ళ దగ్గరున్న మిల్లులూ క్రషర్లూ దూరంగా తరలిపోవాలన్న ఉత్తర్వు ఆ సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకి వర్తించదు. ఉన్నచోటే ఉండొచ్చు.

మొదటి మూడు పేజీలు చదివినప్పుడు నాకు నిజంగానే బాగుందనిపించింది. నాలుగో పేజీకి వచ్చాక నవ్వొచ్చింది. రెండు రీడింగులు కావాలని అక్కడ రాసి ఉంది. మార్పులు చేయకముందు గాలిలో ఎంత దుమ్ముందో ఒకటి, చేశాక ఎంతుందో ఇంకొకటి. రెంటికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే అన్ని మార్కులు. ముందు రీడింగు గీత దాటినా ఎవరి మీదా చర్య తీసుకోబోమని కూడా హామీ ఇచ్చారు, జనం భయపడకుండా నిజం చెప్పాలని. అంటే బహుమతి శుభ్రంగా ఉన్నవాడికి కాదు, కొత్తగా శుభ్రపడ్డవాడికి. మొదటినుంచీ మురికి లేనివాడు ఇక శుభ్రపడేదెలా? ఈ ప్రశ్న ఆ పేజీ రాసినవాడికి తట్టలేదు. లేదా తట్టేసరికి భోజనాల టైమై ఉంటుంది.

నాకు తట్టింది. దాన్ని ఏం చేసుకున్నానో చెబుతాను.

జగ్గయ్యపేట దాటాక కొండవాలులో ఒకాయనకి క్రషర్ ఉంది. భూములున్న కుటుంబం, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఒకదాంట్లో మాట్లాడుతూ రెండోదానికి సమాధానం చెప్పగల మనిషి. ఆయన క్రషర్‌కి దగ్గరగా ఈమధ్య ఒక కాలనీ లేచింది కాబట్టి తరలిపోవాల్సినవాళ్ళ జాబితాలో ఆయన పేరు కూడా పడింది. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“మనకా సర్టిఫికెట్టు రావాలి మాస్టారూ. కొండ ఇక్కడుంటే క్రషర్‌ని ఎక్కడికి తీసుకెళ్తా?”

ఆయన చట్టం చెప్పినవన్నీ అప్పటికే పెట్టుకున్నాడు. రాయి పగిలేచోట రేకుల షెడ్డు, కంకర జల్లించేచోట నీళ్ళు చిమ్మే పైపులు. రీడింగు గీతకి కొంచెం కిందే ఉంది. ఇంకా ఏం చేసినా పెద్ద తేడా కనిపించదని చెప్పాను.

“మరెట్టా?”

అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మూడు నెలలు పైపులు కట్టేయండి. రేకులు విప్పించండి. అప్పుడు ముందు రీడింగు తీయిద్దాం. తర్వాత అవే రేకులు, అవే పైపులు బిగించి, ఇంకో నాలుగు చేర్చి తర్వాత రీడింగు తీయిద్దాం.”

ఆయన రెండు ఫోన్లూ టేబుల్ మీద పెట్టేసి నా వైపు చూశాడు. నన్ను ఎవరూ అంత గౌరవంగా చూడలేదు, ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పినా.

ఆ మూడు నెలలూ చుట్టుపక్కల పత్తి చేలు ఆకులన్నీ తెల్లబడి నిలబడ్డాయి. రైతులు నలుగురు వెళ్ళి అడిగితే, “కాస్త ఓపిక పట్టండయ్యా, పర్యావరణం పని జరుగుతోంది” అన్నాడట. తర్వాత రేకులు మళ్ళీ ఎక్కాయి, ఈసారి ఆకుపచ్చ రంగుతో. పైపుల్లోంచి నీళ్ళు చిమ్మాయి. తేడా అద్భుతంగా వచ్చింది. విజయవాడలో సభ పెట్టి ఆయనకి శాలువా కప్పి, సర్టిఫికెట్టు ఇచ్చి, కుండీలో ఒక మొక్క కూడా ఇచ్చారు. పర్యావరణమే తన ప్రాణమని ఆయన మైకులో చెప్పాడు. ఆ మొక్క కారెక్కలేదు, కుర్చీ కిందే ఉండిపోయింది. నేను మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఆయన ఫోటో పేపర్లో వచ్చింది. వారం తిరక్కుండానే ఆ ఫోటో ముక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒకావిడ నా గది మెట్లెక్కి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. తల మీద కొంగు, గోళ్ళ సందుల్లో ఎర్రని గీతలు.

“మాస్టారంటే మీరేనాండీ?”

“నేనే. కూర్చోండక్కా.”

“కూర్చోడానికి రాలేదండి, మళ్ళీ బస్సందుకోవాలి. ఈయనకి రాసింది మీరేనంటగా. మాకూ రాయండి.”

జగ్గయ్యపేట పాతూరి సందుల్లో ఆవిడకి కారం మిల్లు ఉంది. ఇంటి ముందు గదే మిల్లు, వెనక గదుల్లో కాపురం. భర్త పెట్టిన మిల్లు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ ఒక్కతే ఆడిస్తోంది. ఇళ్ళ మధ్య ఉన్న మిల్లు కాబట్టి ఆరు నెలల్లో ఊరి బయట కేటాయించిన జాగాలోకి మారాలని నోటీసు వచ్చింది.

“మారితే ఏమవుద్దక్కా? జాగా వాళ్ళే ఇస్తున్నారుగా,” అన్నాను. నాకు అప్పటికి ఆ ఫైలు మీద పెద్ద ఆసక్తి లేదు.

“అక్కడికి ఎవరొస్తారండీ? నా దగ్గరికొచ్చేది ఆడోళ్ళు. మిరపకాయల డబ్బా చంకనేసుకుని నడిచొస్తారు. పక్కనే నిలబడి, తమ కాయలు తమకే ఆడించుకుని పోతారు. నాలుగు కిలోమీటర్లు, హైవే దాటి, డబ్బా పట్టుకుని వస్తారా? ప్యాకెట్టు కొనుక్కుంటారు. మిల్లు మారడం కాదండి, మూతపడ్డమే.”

సందు చూడకుండా ఫైలు రాయలేను కాబట్టి ఒక రోజు జగ్గయ్యపేట వెళ్ళాను. కారం మిల్లులు నాకు కొత్త కాదు. మామూలు మిల్లయితే రెండు వీధుల అవతలే తుమ్ములు మొదలవుతాయి. అందుకని ముందే జేబురుమాలు తీసి పట్టుకుని సందులోకి నడిచాను. తుమ్ము రాలేదు. మిల్లు ఆపేసి ఉందేమో అనుకున్నాను. ఎదురింటి అరుగు మీద ఉయ్యాల్లో ఒక పసిపిల్ల నిద్రపోతోంది. గుమ్మం దాకా వెళ్తే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. నా చేతిలో జేబురుమాలు చూసి అరుగు మీదున్న పిల్ల తల్లి నవ్వింది.

కిటికీలకీ, గుమ్మానికీ, గాలి బయటికి పోయే గొట్టం మూతికీ తడిపిన పాత నేత పంచెలు రెండేసి పొరలుగా కట్టి ఉన్నాయి. ఎగిరే కారమంతా ఆ తడికి అంటుకుంటుంది. గంటకోసారి వాటిని విప్పి, తొట్టిలో నానుతున్న పంచెలు కట్టి, విప్పినవి ఉతుకుతుంది. ఉతికిన నీళ్ళు కాలవలో పోయదు. మునగ చెట్లకి గొంగళి పురుగు పడితే సందులోవాళ్ళు బిందెలతో ఆ నీళ్ళు పట్టుకెళ్ళి చల్లుకుంటారు. పంచెలు కూడా సందులోవాళ్ళవే. ఏ ఇంట్లో పెద్దాయన పంచె చిరిగినా అది మసిగుడ్డ అవదు, మిల్లుకి వస్తుంది.

“ఇదెవరు చెప్పారక్కా?”

“ఎవరు చెబుతారండీ? మొదట్లో ఒక పొరే కట్టేవాళ్ళం. ఎదురింట్లో బాలింతుంటే, ఘాటు అటు పోతోందని మా ఆయన ఇంకో పొర కట్టాడు. ఆ బాలింత లేచి తిరిగింది, ఆ బిడ్డకి పెళ్ళి కూడా అయింది. పొర అట్టాగే ఉండిపోయింది.”

ఉయ్యాల్లో ఉన్నది ఆ బిడ్డ కూతురని తర్వాత తెలిసింది.

నా వృత్తిలో నేను చూసిన వ్యాపారాలన్నిట్లో, ఎవరూ అడక్కుండా, ఎవరూ చూడకుండా, చట్టం కోరినదానికన్నా ఎక్కువ చేసిన వ్యాపారం అదొక్కటే. ఆ పథకం ముందుమాటలో ఉన్న మనిషి ఈవిడే. సంతోషంగా ఫారం మొదలుపెట్టాను. మూడు పేజీలు పరుగెత్తాయి. నాలుగో పేజీలో ఆగిపోయాను. ముందు ఎంత? ఇప్పుడెంత? ముందూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. తేడా సున్నా, మార్కులు సున్నా.

క్రషర్ ఆయనకి చెప్పిందే ఆవిడకీ చెప్పాను. పదిహేను రోజులు పంచెలు విప్పేస్తే ఘాటు బయటికొస్తుంది, అప్పుడు ముందు రీడింగు తీస్తారు, ఆ తర్వాత మళ్ళీ కట్టుకోవచ్చు అన్నాను. చేతిలో ఒకే మందున్న ఆరెంపీలా అందరికీ అదే ఇచ్చాను.

ఆవిడ నావైపు అర్థం కానట్టు చూసింది.

“ఉన్నది విప్పి, జనాన్ని దగ్గించి, మళ్ళీ కడితే మంచోళ్ళమని రాస్తారా?”

“అంతే అక్కా.”

“విప్పకపోతే?”

“నోటీసు ఉండనే ఉందిగా.”

ఆవిడ తొట్టి దగ్గరికి జరిగింది. పంచె ఒకటి పిండుతూ కూర్చుంది. చివరికి అంది. “సరే మాస్టారూ. కానీ సందులో అందరికీ చెప్పొస్తా. చెప్పకుండా విప్పితే అది దొంగపని.”

చెప్పుకోమన్నాను. మనసులో నవ్వుకున్నాను కూడా. చెబితే తిట్టుకుంటారు, ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు కూడా రాస్తారు, ముందు రీడింగుకి అది ఇంకా బలం అనుకున్నాను. జనం గురించి నాకు తెలిసింది అంతే. క్రషర్ల చుట్టూ తిరిగి నేర్చుకున్న జనాభా లెక్క అది.

ఆవిడ ఇంటింటికీ వెళ్ళింది. “పదిహేను రోజులు ఘాటొస్తదమ్మా, కాస్త ఓర్చుకోండి, మిల్లుండాలంటే తప్పదంట,” అని చెప్పింది. ఎవరూ తిట్టలేదు. ఎదురింటామె పిల్లని తీసుకుని ఆటోలో పెనుగంచిప్రోలు, మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఎవరి కిటికీలకి వాళ్ళు తడి గుడ్డలు కట్టుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆవిడ కట్టకూడదు గానీ మనం కట్టకూడదని ఎవరన్నారు అని ఒకావిడకి ఆలోచన వచ్చిందట. సందు అడ్డంగా తాళ్ళు కట్టి, పాత చీరలూ దుప్పట్లూ తడిపి ఆరేశారు. మిల్లులోంచి వచ్చిన కారమంతా పది అడుగులు దాటకుండా వాళ్ళ చీరలకే అంటుకుంది. నేను ఆ పదిహేను రోజులూ అటు వెళ్ళలేదు. క్రషర్ ఆయనకి ఇంకో పని చేసిపెడుతున్నాను.

రీడింగు తీసే మనిషి మిషను తెచ్చి ఎదురింటి డాబా మీద పెట్టి, ఒక రోజంతా తిరగనిచ్చి, మర్నాడు వస్తానని వెళ్ళాడు. మర్నాడు అతనితో పాటు నేనూ వెళ్ళాను. సందులో చీరల కింద వంగి వంగి నడవాల్సి వచ్చింది. అవెందుకున్నాయో అర్థమయ్యేసరికి డాబా మెట్ల దగ్గరున్నాం. డాబా ఎక్కితే అసలు సంగతి కనిపించింది.

మిషను మీద తడి పంచె కప్పి ఉంది. రెండు పొరలు. కింద చక్కగా ముడేసి ఉంది. పక్కన చెంబుతో నీళ్ళు, ఒక ముసలావిడ.

“ఎవరు కప్పారమ్మా ఇది?” అన్నాను.

“మేమే నాయనా. పాపం గవర్నమెంటు మిషను, ఘాటుకి పాడైపోతే మళ్ళీ ఆవిడ మీదకొస్తదని కప్పాం. నిన్నట్నుంచీ వంతులేసుకుని తడుపుతున్నాం. ఒక్క గంట కూడా ఆరనివ్వలా.”

ఆ మనిషి మిషనులో అంకె చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మా ఆఫీసు మేడ మీద కూడా ఇంత మంచి గాలి లేదండి అన్నాడు. గుడ్డ తీసేసి మళ్ళీ ఒక రోజు పెట్టమని బతిమాలాను. ముందు రీడింగు ఒక మిల్లుకి ఏడాదిలో ఒక్కసారేనండి, మళ్ళీ కావాలంటే వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. గుడ్డ కప్పి ఉందని కాగితంలో రాయమన్నాను. అది రాస్తే మిషను చూసుకోలేదని తన మీదకొస్తుందట. ‘పరిస్థితులు సాధారణం’ అని రాసి సంతకం పెట్టాడు. మిషను మోసుకుని, చీరల కింద వంగి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది అతని మీద కాదు, ఆ సందు మీద. ఇంత మంచితనం పెట్టుకుని వీళ్ళు ఎలా బతుకుతారు, ఒక్క పదిహేను రోజులు దగ్గలేరా, ఒక్క ఫిర్యాదు రాయలేరా అని ఆవిడ ముందే అరిచాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నాను. సందులోవాళ్ళు తలలు దించుకుని తాళ్ళు విప్పుకున్నారు. గురివింద గింజ సామెత పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

కొద్ది రోజులకి ‘తర్వాత’ రీడింగు కూడా తీశారు. అప్పటికి పంచెలు ఎప్పట్లాగే గుమ్మానికి ఉన్నాయి. అంకె దాదాపు అదే. ఫైలు తిరుగుటపాలో వచ్చింది, ‘మెరుగుదల లేదు’ అన్న ఒక్క ముక్కతో. నేను విజయవాడ వెళ్ళి అక్కడి ఆఫీసర్ని కలిశాను. ఆయన గోడ మీద మా క్రషర్ ఆయన వేయించిన క్యాలెండరు ఉంది. ప్రతి నెలకీ ఒక చెట్టు బొమ్మ.

“ముందూ తర్వాతా ఒకటే ఉందే,” అన్నాడు ఆఫీసరు.

“ఆవిడ మొదటినుంచీ శుభ్రంగానే ఉందండి. గీతకి చాలా కింద ఉంది, చూడండి.”

“అదే నేనూ చెప్పేది. మొదటినుంచీ శుభ్రంగా ఉన్నావిడని ఇంకా ప్రోత్సహించేదేముందండీ? ప్రోత్సాహం లేకుండానే ఉందిగా.”

ఆయన వెటకారం ఆడలేదు. నిజంగానే అడిగాడు. పథకం ఆయన బుర్రలో అంత సాఫీగా ఇమిడిపోయింది. అప్పుడు నేను ఆ క్యాలెండరు వైపు చూపించి, ఆ చెట్ల ఆయన ముందు రీడింగు ఎలా వచ్చిందో తెలుసా అని అడగొచ్చు. నోరు తెరిస్తే ముందు బయటపడేది నా రాతే. తేలు కుట్టిన దొంగలా ఊరుకుని, నమస్కారం పెట్టి వచ్చేశాను. దారిలో కంచికచర్లలో బస్సు ఆగితే దిగి టీ తాగాను. టీ బాగానే ఉంది. అది కూడా సిగ్గుపడాల్సిన విషయమే అనిపిస్తుంది ఇప్పుడు.

నోటీసు గడువు అయింది. ఆవిడ మిల్లు ఊరి బయటికి మారింది. అక్కడ మిల్లులకని కేటాయించిన జాగా ఎక్కడో తెలుసా? క్రషర్ ఆయన కొండకి ఇవతలి గట్టు. ఆయన గాలి గీతకి ఎంతో కింద ఉందని సర్టిఫికెట్టు ఉంది కదా, పక్కన ఏం పెట్టినా ఇబ్బంది లేదని ఎవరో ఫైల్లో రాశారు. ఆ వాక్యం కూడా నేను రాసిన రిపోర్టులోంచి ఎత్తిందే. నా ఇంగ్లీషు నేను గుర్తుపట్టలేనా?

తర్వాత ఒక ఆవకాయల సీజను గడిచింది. ఒక రోజు పొద్దున నా గదిలో బెంచీ మీద మైలవరం వైపు నుంచి వచ్చిన జిన్నింగు మిల్లాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆవిడ మెట్లెక్కి వచ్చింది. ఈసారి నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. గోళ్ళ సందుల్లో ఎరుపు లేదు.

“మోటారు నిన్న అమ్మేసా మాస్టారూ.”

నేను ఏదో అనబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

“రారనుకున్నా, కానీ మా సందోళ్ళు ఆటోలు మాట్లాడుకుని మరీ వచ్చారండి సీజనుకి. వాళ్ళ తప్పేం లేదు. ఆ కొండ దుమ్ము ఆగితేగా. తనిఖీకి ఎవరూ రారని తెలిసాక పైపుల్లో నీళ్ళెవరొదులుతారండీ? కిటికీలకి పంచెలు కట్టా, మూడు పొరలు. ఇదివరకు నాది బయటికి పోకుండా కట్టేదాన్ని, అక్కడ బయటిది లోపలికి రాకుండా కట్టా. ఆగలా. అన్నంలో ఇసక తగులుతోందక్కా అని మొహమాటంగా చెప్పారు. తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఏడాది కారం అండి ఒక్కో ఇంటిది. ఊరగాయలు పారబోసుకున్నారు.”

చేతిసంచీలోంచి మడత పెట్టిన పంచెలు రెండు తీసి నా టేబుల్ మీద పరిచింది. ఒకటి ఎర్రగా ఉంది, ఎన్నిసార్లు ఉతికినా పోని ఎరుపు. రెండోది సిమెంటు రంగులో బిరుసెక్కి, మడతల దగ్గర విరిగి ఉంది. ముట్టుకుంటే వేళ్ళకి పొడి అంటింది.

“సర్దుతుంటే కనబడ్డాయి. అప్పుడు మీరు అన్నారుగా, నా దగ్గర ముందూ తర్వాతా రెండూ ఒకటే, అందుకే సర్టిఫికెట్టు రాలేదని. ఇప్పుడు దొరికాయండి.” ఎర్రదాని మీద వేలు పెట్టింది. “ఇది ముందు.” రెండోదాని మీద పెట్టింది. “ఇది తర్వాత. తేడా బాగా వచ్చింది. రాసుకోండి.”

“నన్నేం చేయమంటారక్కా?” అన్నాను.

“మీరేం చెయ్యక్కర్లేదండి. చూస్తారని తెచ్చా.”

లేచి, కొంగు సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే జగ్గయ్యపేట బస్సు కోసం రోడ్డు దాటుతోంది. జిన్నింగు మిల్లాయన ఫోను జేబులో పెట్టుకుని, ఆవిడ లేచిన కుర్చీలో వచ్చి కూర్చున్నాడు.

“క్రషర్ ఆయన మీ గురించి గొప్పగా చెప్పాడండి మాస్టారూ. మాకు కూడా ఆయనకి రాసినట్టే రాసిపెట్టాలి.”

ఫారం తీశాను. ఫైలు పెట్టుకోవడానికి ఆయన చోటు కోసం చూస్తుంటే, పంచెలు రెండూ పక్కకి జరిపాను.